వెబ్‌సైటు మూసకు మన రంగులు దిద్దుట

పాఠశాలలకును, దుకాణములకును, సంఘములకును వెబ్‌సైటు నేర్పఱచువారు నేడు సామాన్యముగా దానిని పునాదినుండి కట్టరు. ఎవరో ముందుగా సిద్ధపఱచి యుంచిన మూస నొకదానిని దీసికొని, అందు తమ పేరును, బొమ్మలను, రంగులను అమర్చుకొందురు. ఈ మూసకే టెంప్లేటనియు, థీమనియు పేళ్లు. కట్టిన యింటిని అద్దెకు దీసికొని సున్నము వేయించుకొనుట వంటిదే యిది. గోడలు కదలవు, గోడల రంగు మాత్రము మన యిష్టము.

కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాలకు వెబ్‌సైటు నేర్పఱచినప్పుడు మేమును అట్లే చేసితిమి. మేము దీసికొన్న మూసలో నీలిరంగు శీర్షికయు, దాని క్రింద ఏ దేశపు పిల్లలో నవ్వుచున్న పెద్ద ఛాయాచిత్రమును ఉండెను. ఈ రెండును మనవి కావు గదా యని మార్చుటకు గూర్చుంటిమి. మన పాఠశాల రంగులు మెరూనును, బంగారు వన్నెయును. తెల్లని పుటమీద బంగారు వన్నె యక్షరము లెంత శోభగా నుండునో యని అందఱము సంతోషించితిమి. కార్యాలయపు గదిలో, తలుపులు చేరవేసి చూచినప్పుడు శోభగానే యుండెను.

ఆ సంవత్సరము పదవ తరగతి పరీక్ష రుసుము చెల్లింపవలసిన కడపటి తేదిని ఆ యక్షరములతోనే ప్రకటించితిమి. ఒక విద్యార్థి తండ్రి, పొలములో పని చేసికొనుచు, మిట్టమధ్యాహ్నపు టెండలో తన ఫోనునందు ఆ పుటను తెఱచి చూచెనట. గడువు దాటిన మఱునాడు మాయొద్దకు వచ్చి, “అయ్యా, ఆ పేజీలో ఏమీ రాయలేదండీ” అని చెప్పెను. ఆయన పుటను తెఱవనే లేదని మేము తలచితిమి. అప్పుడాయన మమ్మును వసారాలోనికి బిలిచి, ఎండలో ఫోను చూపెను. మాకును తెల్లని తెర తప్ప మఱేమియు గానరాలేదు. అపరాధ రుసుమును ఉపాధ్యాయులమే తలకొంత వేసికొని కట్టితిమి. ఆ యదనపు గడువు కూడ దాటి యుండినచో ఆ బాలుని సంవత్సర మేమయ్యెడిదో! సిగ్గుపడి, రంగుల సంగతి తిన్నగా నేర్చుకొన నారంభించితిమి.

తెరమీది రంగు పూసినది కాదు, వెలుగు. ప్రతి చుక్కయందును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు దీపము లున్నవని తలంపుడు. ఒక్కొక్క దీపమును 0 మొదలు 255 వఱకు 256 మెట్లలో హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. 256ను మూడుమారులు హెచ్చవేసినచో 1,67,77,216 వచ్చును. మూస మన ముందుంచు రంగులు అన్ని! ఈ మెట్లను వ్రాయుటకు పదింటి లెక్క గాక పదునాఱింటి లెక్క వాడుదురు. తొమ్మిది తరువాత ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను నక్షరములు 10 మొదలు 15 వఱకు గల సంఖ్యలకు బదులుగా నిలుచును. బంగారు వన్నె సంకేతము ‘ఎఫ్ఎఫ్, డి7, 00’. ఎఫ్ఎఫ్ అనగా 15×16+15, అనగా 255; ఎఱుపు దీపము నిండుగా వెలుగుచున్నది. డి7 అనగా 13×16+7, అనగా 215. ఆకుపచ్చయు చాలవఱకు వెలుగుచున్నది. నీలము ఆరిపోయినది. మెరూను సంకేతము ‘80, 00, 00’; ఎఱుపు 128వ మెట్టున మాత్రము వెలుగుచు, తక్కిన రెండును ఆరియున్నవి.

ఇక మన కన్ను ఈ మూడు దీపములను సమానముగా నెంచదు. తెలుపు యొక్క ప్రకాశమును 1 అనుకొనినచో, అందు ఆకుపచ్చ పాలు 0.7152, ఎఱుపు పాలు 0.2126, నీలము పాలు 0.0722 మాత్రమే. కావున నీలమును ఆర్పివేసిన పసుపు, తెలుపుతో నించుమించు సమానముగా వెలుగును. తెలుపుమీద పసుపు వ్రాయుట, సున్నపు గోడమీద సుద్దముక్కతో వ్రాయుట వంటిదే.

రెండు రంగుల భేదమును కొలుచుటకు సులభమైన సూత్ర మున్నది. రెండింటి ప్రకాశములకును చెఱియొక 0.05 కలిపి, పెద్దదానిని చిన్నదానిచే భాగింపవలెను. తెలుపునకు 1.05, నలుపునకు 0.05, భాగింపగా 21. ఇంతకు మించిన భేదము లేదు. వెబ్బు ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి అను సంఘము 2008లో వెలువరించిన నియమముల ప్రకారము, చిన్న యక్షరములకు ఈ భేదము 4.5కును, పెద్ద యక్షరములకు 3కును తగ్గరాదు. మన బంగారు వన్నె ప్రకాశము సుమారు 0.70. తెలుపుమీద దాని భేదము 1.4 మాత్రమే! ఆ తండ్రి కన్నులయందు దోష మేమియు లేదు. అదే బంగారు వన్నెను మెరూనుమీద నుంచినచో భేదము 7.8 అగును, మెరూనుమీద తెలుపు దాదాపు 11. అందుచేత పుట పైభాగమున మెరూను పట్టీ వేసి, అందు బంగారు వన్నెతో పాఠశాల పేరు వ్రాసి, తక్కిన విషయమంతయు తెలుపుమీద నలుపుగా నుంచితిమి. ఈ లెక్క చూచిన పిమ్మట మా డ్రాయింగు మాష్టారు సైతము వాదము మానిరి.

తొందర ప్రకటనల కందఱును కోరు నిండు ఎఱుపు కూడ తెలుపుమీద 4.0 దగ్గఱనే నిలిచిపోవును. దానిని కొంచెము ముదురు చేయవలెను. మఱియు రంగు నొక్కదానినే నమ్మి, సెలవులు ఆకుపచ్చ, పరీక్షలు ఎఱుపు అని పట్టిక వేయరాదు. రసాయన శాస్త్రమున మీరు చదివిన జాన్ డాల్టను తనకే రంగులు సరిగా దెలియవని 1794లో వ్యాసము చదివెను. యూరపు జాతి పురుషులలో ఇంచుమించు పన్నెండుగురిలో నొకరికి ఎఱుపు, ఆకుపచ్చల భేదము సరిగా గానరాదు. పట్టికలో ‘సెలవు’, ‘పరీక్ష’ అను మాటలు గూడ నుండినచో ఎవరికిని చిక్కుండదు.

ఈ మార్పులన్నియు చేయవలసిన చోటు స్టైల్ షీటు. 1994లో హాకోన్ వియుమ్ లీ అను నాయన ప్రతిపాదింపగా, 1996లో డబ్ల్యు3సి దీనిని ప్రమాణముగా నంగీకరించెను. విషయ మొకచోట, వేషము మఱొకచోట నుంచుట దీని కిటుకు. శీర్షిక రంగునకు స్టైల్ షీటులో నొక పేరు పెట్టి, ఆ పేరునే అన్నిచోట్లను వాడినచో, ఒక్క పంక్తి దిద్దినంతనే పుటలన్నిటి రంగును మాఱును. అయితే మూసయొక్క మూలప్రతిలో చేయి పెట్టరాదు. మేము పెట్టితిమి, మూసకు క్రొత్త కూర్పు వచ్చినప్పుడు మా దిద్దుబాట్లన్నియు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకొని పోయినవి. వర్డ్‌ప్రెస్ వంటివానిలో ఇందులకు ‘చైల్డ్ థీము’ అను పిల్లమూస యున్నది. మార్పులు అందు వ్రాసికొనవలెను.

బొమ్మల విషయమున మా తప్పు బరువు. క్రీడోత్సవపు ఛాయాచిత్రమును కెమెరానుండి దీసి యున్నదున్నట్లు పెట్టితిమి: అడ్డము 4000 చుక్కలు, నిలువు 3000; మొత్తము కోటి యిరువది లక్షలు. పల్లెలో సంకేతము సన్నగిల్లినచోట పుట సగము తెఱచుకొని నిలిచిపోయెడిది. దానిని 1600, 1200లకు తగ్గింపగా 19,20,000 చుక్క లయ్యెను. ఫోనులో చూచువారికి భేదమే తెలియలేదు. ఛాయాచిత్రములకు జేపెగ్ కూర్పు చాలును. పాఠశాల చిహ్నమునకు మాత్రము ఎస్‌వీజీ మేలు, ఏలయనగా అది చుక్కలుగా గాక గీతల లెక్కలుగా నుండుటచే ఎంత పెంచినను అంచులు చెదరవు. ప్రకటననే బొమ్మగా జేసి యతికించుట మానవలెను. చూపులేనివారికి పుటను చదివి వినిపించు యంత్రము బొమ్మలోని యక్షరములను సామాన్యముగా చదువజాలదు. ప్రతి బొమ్మకును వెనుక ఒక వాక్యము వర్ణన వ్రాయవలెను.

తెలుగువారి కింకొక చిక్కు. ఇంగ్లీషు కొఱకు చేసిన మూసలలో పంక్తుల నడుమ ఎడము తక్కువ. మన గుడులు పైకి, వత్తులు క్రిందికి పోవును గదా. పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులను తాకుచుండెను. అక్షరపు కొలతకు ఒకటిమ్ముప్పాతిక వంతు ఎడ మీయగా విడివడినవి.

ఇప్పుడు ప్రతి ప్రకటనను ప్రచురించుటకు ముందు తొమ్మిదవ తరగతివారిలో నొకరు ఫోను దీసికొని, మధ్యాహ్నపు గంట వేళ జెండా కంబము వద్దకు బోయి చదివి వచ్చుచున్నారు. గత నెలలో ఒక బాలిక తిరిగి వచ్చి, గ్రంథాలయపు పుటలో బూడిదవన్నెతో నున్న వేళలు కానరాలేదని చెప్పినది. ఆ పుట నింకను దిద్దవలసి యున్నది.