మోటారు సైకిలు ఎయిర్ ఫిల్టరు – శుభ్రపరచు విధానము

మంచిర్యాల జిల్లా కాసిపేట మండలములో సింగరేణి భూగర్భ గనులు, దేవాపూర్ సిమెంటు కర్మాగారము కలవు. లారీలు లేపు దుమ్ములోనే రైతులు మోటారు సైకిళ్ళపై పత్తి చేలకు పోవలసియున్నది.

1 లీటరు పెట్రోలు మండుటకు సుమారు 9,000 లీటర్ల గాలి కావలెను. ఆ గాలిలోని దుమ్మును ఆపునది ఎయిర్ ఫిల్టరే. అది పూడినచో బండి లాగదు, పెట్రోలు ఎక్కువ త్రాగును. ఫిల్టరు చినిగినను, తీసివేసి నడిపినను మరింత నష్టము. ఇసుక రేణువులు పిస్టను రింగులను, సిలిండరును అరగదీయును. పిదప బోరింగు ఖర్చు తప్పదు.

ముందుగా ఫిల్టరు ఏ రకమో తెలిసికొనవలెను.

1. స్పాంజి: సబ్బు నీటిలో మెలిపెట్టక అదిమి కడిగి, నీడన పూర్తిగా ఆరనియ్యవలెను. కంపెనీ పుస్తకములో చెప్పిన నూనె పట్టించి, ఎక్కువైనది అదిమి తీయవలెను. పెట్రోలుతో కడుగరాదు, నిప్పంటుకొను ప్రమాదము కలదు.

2. పొడి కాగితము: మెల్లగా తట్టి, దుమ్ము పట్టని వైపునుండి తక్కువ ఒత్తిడితో గాలి ఊదవలెను. తడుపరాదు.

3. నూనె పట్టించిన కాగితము: కడిగినను, ఊదినను పాడగును. క్రొత్తది వేయవలెను.

ఫిల్టరు తీసిన వెంటనే ఇంజనుకు పోవు గొట్టపు మూతిని శుభ్రమైన గుడ్డతో మూసి, పెట్టెలోని దుమ్మును తడిగుడ్డతో తుడువవలెను. గుడ్డ తీసిన పిమ్మటనే ఫిల్టరు పెట్టి, అంచున సందు లేకుండ బిగించవలెను.

పుస్తకములోని గడువు మామూలు రోడ్లకు చెప్పినది. దుమ్ము బాటలలో అంతకు ముందే విప్పి చూడవలెను. వానలు వెలిసి, పత్తి ఏరుట మొదలగు దినములలో రైతు సోదరులు దీనిని మరువరాదు.