ఆదిత్య కరికాలుని హత్య: శాసనసాక్ష్యము, నవలాకల్పన

కల్కి కృష్ణమూర్తి రచించిన ‘పొన్నియిన్ సెల్వన్’ అను తమిళ నవల 1950 మొదలు 1954 వరకు ‘కల్కి’ పత్రికలో ధారావాహికముగ వెలువడినది. ఐదు భాగముల ఈ బృహద్గ్రంథమునకు ఆయువుపట్టు ఒక రాజకుమారుని హత్య. హతుడు చోళ యువరాజగు ఆదిత్య కరికాలుడు. అపరాధపరిశోధక నవలను చేపట్టిన పాఠకుడు తుదిపుటలలో హంతకుని పేరు తెలియునని ఎదురుచూచుట సహజము. ఈ నవల ఆ నియమమును పాటింపదు. అనుమానింపదగినవారు పలువురు కలరు. నేరమును తమపై వేసికొనువారును కలరు. కాని కత్తి పట్టిన చేయి ఎవరిదో రచయిత నిస్సంశయముగ చెప్పడు. ఇది లోపముగ తోచవచ్చును. ఇది లోపము కాదనియు, లభించిన సాక్ష్యమునకు రచయిత విధించుకొన్న కట్టుబాటనియు చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగ వంశక్రమమును స్మరింపవలెను. చోళరాజు గండరాదిత్యుడు మరణించునాటికి ఆయన కుమారుడు ఉత్తమచోళుడు పసివాడు. అందుచే రాజ్యము గండరాదిత్యుని తమ్ముడగు అరింజయునకును, పిదప అరింజయుని కుమారుడగు సుందరచోళునకును సంక్రమించెను. సుందరచోళుని పెద్దకుమారుడు ఆదిత్యుడు, చిన్నకుమారుడు అరుళ్‌మొళివర్మ, కుమార్తె కుందవ. ఆదిత్యుడు వీరపాండ్యుని తల గొన్నవాడని బిరుదు వహించిన యోధుడు. సుమారు 970 ప్రాంతమున ఆతడు హతుడయ్యెను. తరువాత సింహాసనము తమ్మునకు రాలేదు, ఉత్తమచోళునకు వచ్చెను. 985లో మాత్రమే అరుళ్‌మొళివర్మ రాజరాజు అను పేర పట్టాభిషిక్తుడయ్యెను.

ఈ హత్యకు ప్రత్యక్షసాక్ష్యము ఒక్కటే కలదు. కాట్టుమన్నార్‌కోయిలు చెంత ఉడైయార్‌గుడి అనంతీశ్వరాలయమున రాజరాజు రెండవ రాజ్యవర్షమునకు చెందిన శాసనమొకటి యున్నది. సోముడు, రవిదాసుడు, పరమేశ్వరుడు మున్నగువారు కరికాలచోళుని చంపిన ద్రోహులని అది పేర్కొనును. వారి భూములును, వారి బంధువుల భూములును రాజాధీనమై, వీరనారాయణ చతుర్వేదిమంగళపు సభ ద్వారా విక్రయింపబడినవి. కొన్నవాడు ఆ భూమిని ఆలయమున బ్రాహ్మణ భోజనమునకై ధర్మము చేసెను.

ఇచ్చట పాఠకుడు గమనింపవలసినది ఆ శాసనము యొక్క స్వభావము. అది న్యాయస్థానపు తీర్పు కాదు, హత్యావృత్తాంతము కాదు. అది ఒక భూదానపత్రము. ఎవరి భూమి, ఎట్లు వచ్చినది, ఎవరికి పోయినది అను విషయములే దానికి ముఖ్యములు. హత్య ఎచ్చట జరిగెను, ఎట్లు జరిగెను, ఎవరు ప్రేరేపించిరి అను ప్రశ్నలకు దానియందు సమాధానము లేదు. భూమికి స్వామిత్వమెట్లు మారెనో చెప్పుటకు మాత్రమే ద్రోహము ప్రసక్తమైనది.

శాసనమందలి బిరుదులును ఒక చిక్కును కల్పించుచున్నవి. రవిదాసునకు పంచవన్ బ్రహ్మాధిరాజనియు, పరమేశ్వరునకు ఇరుముడిచోళ బ్రహ్మాధిరాజనియు బిరుదములు కలవు. బ్రహ్మాధిరాజ పదము ఉన్నత పదవులందుండిన బ్రాహ్మణాధికారులకు చెల్లునది. ‘పంచవన్’ అనగా పాండ్యుడు. కావున వీరు వీరపాండ్యుని వధకు పగ తీర్చుకొన్న పాండ్యపక్షీయులని ఒక ఊహ. కాని రెండవ బిరుదమందు చోళనామమే స్పష్టముగ నున్నది. అట్లయినచో వీరు చోళుల కొలువులోని వారే కావలెను. ఒకే బిరుదమును పట్టుకొని కుట్రకు మూలమును నిర్ణయించుట సాహసమని మా అభిప్రాయము.

మరియొక ఊహ మిక్కిలి ప్రచారము పొందినది. నీలకంఠశాస్త్రిగారు చోళచరిత్రమును గూర్చిన తమ ఆంగ్లగ్రంథమున (1935) ఈ హత్యలో ఉత్తమచోళునకు భాగముండవచ్చునని అనుమానించిరి. దానికి ఆధారములు రెండు. హత్యవలన లాభము పొందినవాడు ఉత్తముడు. ద్రోహుల ఆస్తులను గూర్చిన చర్య ఆయన పాలన ముగిసిన తరువాతనే శాసనమున కనబడుచున్నది. రాజేంద్రచోళుని తిరువాలంగాడు తామ్రశాసనములును ఈ యూహకు కొంత బలము నిచ్చును. ప్రజలు అరుళ్‌మొళిని రాజువు కమ్మని వేడిరనియు, పినతండ్రికి రాజ్యకాంక్ష ఉన్నంతవరకు ఆతడు దానిని కోరలేదనియు అవి చెప్పుచున్నవి. అయితే ఆదిత్యుడు స్వర్గస్థుడయ్యెనని చెప్పి, హత్యను అవి ప్రస్తావింపనే లేదు.

ఈ ఆధారములు నేరమును స్థాపింపజాలునా? చాలవని మేము తలంతుము. లాభము పొందుట వేరు, నేరము చేయుట వేరు. శాసనమున ఉన్న కాలము విక్రయమునకు సంబంధించినది. శిక్ష ఎప్పుడు విధింపబడెనో అది చెప్పదు. ద్రోహులు అంతకు చాల ముందే దండితులై యుండవచ్చును. ఇంతేకాక, ఉత్తముని తల్లి సెంబియన్ మహాదేవి రాజరాజు కాలమందును ఆలయములకు దానములు చేయుచు గౌరవముతో జీవించినది. ఉత్తముని కుమారుడు గండరాదిత్యుడు రాజరాజు క్రింద అధికారిగ నుండెను. అన్నను చంపించినవాని కుమారునకు తమ్ముడు తన కొలువున పదవి ఇచ్చునా? ఈ ప్రశ్న నిర్దోషిత్వమును నిరూపింపదు. కాని నేరారోపణమును తప్పక బలహీనపరచును.

ఇప్పుడు నవలను చూతము. కల్కి ఈ ఆధారములను ఎరిగినవాడు. ఆయన కథను ఆడి మాసమున పదునెనిమిదవ దినమున వీరనారాయణపు చెరువుకట్టపై, గుఱ్ఱమెక్కి వచ్చుచున్న వల్లవరాయ వందియదేవునితో ప్రారంభించెను. హంతకుల పేళ్లను మోయుచున్న శాసనము గల ఊరు ఆ చెరువు చెంతనే యున్నది. శాసనమందలి రవిదాసాదులు నవలయందు వీరపాండ్యుని పక్షమున ప్రతిన పూనిన కుట్రదారులైరి. వారికి తోడుగ పగతో రగులుచున్న నందిని అను పాత్ర కల్పింపబడినది. కడంబూరు మాళిగలో ఆదిత్యుడు కూలును. నింద వందియదేవునిపై పడును. పిదప ఆతనిని రక్షించుటకై మణిమేకల నేరమును తనపై వేసికొనును. పెరియ పళువేట్టరైయరు తాను విసరిన కత్తియే కారణమని చెప్పి ప్రాణము విడుచును. శాసనము విడిచిన ఖాళీని నవలాకారుడు పాత్రల మనోవేదనతో నింపెనేగాని, తీర్పుతో నింపలేదు.

ఉత్తమచోళుని విషయమున ఆయన చేసిన కల్పన మరింత పరిశీలింపదగినది. నవలలో సింహాసనమునకు ఆశపడిన మధురాంతకుడు వేరు, తుదకు ఉత్తమచోళుడై పట్టము గట్టుకొన్నవాడు వేరు. శైశవమందు బిడ్డలు మారిరి. సెంబియన్ మహాదేవి కన్నకుమారుడు పూలమాలలల్లుకొను సేందన్ అముదుడు. అరుళ్‌మొళి తన కిరీటమును అతనికి అర్పించును. ఇది చరిత్ర కాదు. కాని చరిత్రకారుడు వ్యక్తపరచిన అనుమానమునకు నవలాకారుడిచ్చిన సమాధానముగ దీనిని గ్రహింపవచ్చును. రాజ్యకాంక్ష యను నిందను ఒక పాత్రకు వదలి, చరిత్రప్రసిద్ధమైన పేరును మచ్చలేకుండ కాపాడెను.

ఈ కథతో ఆంధ్రులకును సంబంధము లేకపోలేదు. నవలలోని కుందవ రాజరాజు అక్క, వందియదేవుని భార్య. మన చరిత్రలో కనబడు కుందవ రాజరాజు కుమార్తె. వేంగీ చాళుక్యుడగు విమలాదిత్యుని రాణి. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుని తల్లి. మేనత్త, మేనకోడలు ఒకే పేరు కలవారగుటచే ఈ ఇరువురిని ఒకరినిగ భ్రమించుటకు అవకాశము కలదు. నన్నయను పోషించిన రాజు ఆ హతుడైన యువరాజు తమ్ముని దౌహిత్రుడని స్మరించినచో, కడంబూరు కథ మనకు దూరము కాదని తెలియును.

మణిరత్నము తీసిన రెండు భాగముల చలనచిత్రము 2022, 2023 సంవత్సరములలో తెలుగున గూడ ప్రదర్శింపబడినది. అందుచే నందినిని చారిత్రకవ్యక్తి యని నమ్ముట, ఉత్తమచోళుని హంతకుడని నిర్ణయించుట విద్యార్థులకు సులభమైనది. వేయి సంవత్సరముల క్రింద మరణించినవాడు తనపై మోపిన నిందకు బదులు చెప్పుకొనలేడు. అతని పక్షమున మాటాడవలసినది సాక్ష్యమే. శాసనము ముగ్గురు సోదరులను ద్రోహులనినది. అంతకు మించి చెప్పలేదు. ఆ హద్దును చరిత్రకారుడు తీర్పుతో దాటరాదు. నవలాకారుడు కల్పనతో దాటవచ్చును. కాని కల్కి వలె, దాటినచోటును పాఠకుడు గుర్తింపగలుగునట్లు దాటవలెను. చారిత్రక నవలను పరిశీలించువారు మొదట వేయవలసిన ప్రశ్న హంతకుడెవరు అనునది కాదు. మనకు ఎంతవరకు తెలియును అనునదే ఆ ప్రశ్న.