వేరు కాపురం పెట్టినా తీరని తగవు

ఐరోపా కూటమిని వీడిన బ్రిటన్‌లో నేటికీ రెండు మాటలే

ఉమ్మడి కుటుంబంలో ఒకడు వేరుపడతానంటే ఊళ్లో రెండు మాటలు వినిపిస్తాయి. "వాడి రెక్కల కష్టం వాడు తింటానంటున్నాడు, తప్పేముంది?" అనేవారు కొందరు. "కలిసి ఉన్నప్పుడు బావీ, ఎడ్లూ అందరివీ. రేపటి నుంచి దేనికదే కొనుక్కోవాలి" అనేవారు మరికొందరు. సరిగ్గా ఈ రెండు మాటలే బ్రిటన్ దేశాన్ని నిలువునా చీల్చాయి. ఐరోపా దేశాల కూటమి నుంచి ఆ దేశం 2020 జనవరి 31న బయటపడింది. పంపకాల కాగితాలపై సంతకాలూ అయ్యాయి. తగవు మాత్రం తీరలేదు.

ఈ కూటమి తీరు తెలుసుకుంటేనే తగవు అర్థమవుతుంది. సభ్యదేశాల మధ్య సరుకుపై సుంకం ఉండదు. బయటి సరుకుపై అందరిదీ ఒకే సుంకం. ఒక దేశం మనిషి మరో దేశానికి వెళ్లి పని చేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇందుకు బదులుగా ప్రతి దేశం ఉమ్మడి ఖజానాకు డబ్బు కట్టాలి, ఉమ్మడి నిబంధనలకు లోబడాలి. లాభం ఇష్టమే గాని ఆ కట్టుబాటే కష్టమన్నది చాలామంది బ్రిటిష్‌వారి వాదన.

చేరడానికే పదకొండేళ్లు

ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాలు 1957లో రోమ్ నగరంలో ఒప్పందం చేసుకుని ఉమ్మడి మార్కెట్‌ను నెలకొల్పాయి. బ్రిటన్ 1961లో దరఖాస్తు పెట్టుకుంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ 1963లో ఒకసారి, 1967లో మరోసారి అడ్డుపడ్డారు. చివరకు 1973 జనవరి 1న ఐర్లండ్, డెన్మార్క్‌లతో పాటు బ్రిటన్‌కు ప్రవేశం దొరికింది.

చేరిన రెండేళ్లకే "ఉందామా, పోదామా?" అని ప్రజలను అడగవలసి వచ్చింది. 1975 జూన్ 5న జరిగిన ఓటింగులో నూటికి 67 మంది ఉందామనే అన్నారు. అప్పటి ప్రధాని హెరాల్డ్ విల్సన్ మంత్రివర్గంలోనే రెండు వర్గాలుండగా, ఎవరి అభిప్రాయం వారు బహిరంగంగా చెప్పుకోవచ్చని ఆయన వదిలేశారు. ప్రతిపక్ష నాయకురాలు మార్గరెట్ థాచర్ ఉందామనే ప్రచారం చేశారు. కూటమిని వీడాలని తర్వాతి కాలంలో పట్టుబట్టినవారిలో ఎక్కువమంది ఆమె పార్టీవారే కావడం గమనార్హం.

కూటమి నుంచి బయటకు పోవడం కొత్త సంగతి కూడా కాదు. డెన్మార్క్ కింద స్వపరిపాలన సాగించుకుంటున్న గ్రీన్‌లాండ్ 1982లో ఓటు వేసి, 1985 ఫిబ్రవరి 1న వైదొలగింది. అక్కడ ముఖ్యమైన తగవు చేపలవేట హక్కు గురించే. అయితే ఒక సభ్యదేశం మొత్తంగా వెళ్లిపోవడం మాత్రం బ్రిటన్‌తోనే మొదలు.

తేడా పన్నెండున్నర లక్షలకు పైనే

2016 జూన్ 23న రెండోసారి అదే ప్రశ్న ప్రజల ముందుకు వచ్చింది. పోదామన్నవారు 1 కోటి 74 లక్షల 10 వేల పైచిలుకు. ఉందామన్నవారు 1 కోటి 61 లక్షల 41 వేల పైచిలుకు. నూటికి 52, 48 అన్నమాట. విచిత్రమేమిటంటే 1975లో ఉందామన్నవారి సంఖ్య 1 కోటి 73 లక్షల 78 వేలు. నలభై ఏళ్ల తర్వాత ఇంచుమించు అన్ని ఓట్లే అటు కాకుండా ఇటు పడ్డాయి.

ప్రాంతానికో తీర్పు వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్ పోదామన్నాయి. స్కాట్లాండ్‌లో నూటికి 62 మంది, ఉత్తర ఐర్లండ్‌లో 56 మంది ఉందామన్నారు. లండన్ నగరం ఉందామంటే, చుట్టూ ఉన్న పల్లెసీమలు చాలావరకు పోదామన్నాయి. వయసును బట్టీ తేడా కనిపించింది. పాతికేళ్ల లోపువారిలో పదిమందికి ఏడుగురు ఉందామంటే, అరవై అయిదు దాటినవారిలో పదిమందికి ఆరుగురు పోదామన్నారని అప్పటి సర్వేలు తేల్చాయి. ఎక్కువకాలం ఆ తీర్పుతో బతకవలసింది తామేనని యువకులు వాపోయారు. ఉమ్మడి కాపురం చేసి చూసినవాళ్లం తామేనని పెద్దలు బదులిచ్చారు.

ఇంటింటా ఇదే తంతు. పోదామన్న వర్గానికి నాయకుడైన బోరిస్ జాన్సన్ ఇంట్లోనే తండ్రి, తమ్ముడు, చెల్లెలు ఉందామన్న పక్షాన నిలిచారు. అన్న ప్రధాని అయ్యాక ఆయన ప్రభుత్వంలో మంత్రిగా చేరిన తమ్ముడు జో జాన్సన్, కుటుంబానికీ దేశ ప్రయోజనానికీ మధ్య నలిగిపోతున్నానంటూ 2019 సెప్టెంబరులో రాజీనామా చేశారు. అంతకు ముందు ప్రధాని థెరిసా మే తెచ్చిన పంపకాల ఒప్పందాన్ని పార్లమెంటు అదే ఏడాది మూడుసార్లు తిప్పికొట్టింది.

థేమ్స్ నదిలో పడవల పోరు

పోదామన్నవారిలో అందరికంటే గట్టిగా అరిచినవారు మత్స్యకారులు. తమ సముద్రంలోకి ఫ్రాన్స్, స్పెయిన్, డెన్మార్క్ పడవలు వచ్చి వేటాడుతుంటే, తాము మాత్రం కూటమి రాసిచ్చిన వాటా మేరకే పట్టుకోవాలా అన్నది వారి కడుపుమంట. ఓటింగుకు వారం ముందు వేట పడవలు లండన్‌కు తరలివచ్చి థేమ్స్ నదిలో ఊరేగాయి. వాటికి ఎదురుగా ఉందామన్న పక్షంవారు గాయకుడు బాబ్ గెల్డాఫ్‌తో మరో పడవలో వచ్చారు. పార్లమెంటు భవనం ముందే నీళ్ల మీద ఒకరినొకరు తిట్టుకున్నారు.

గ్రిమ్స్‌బీ రేవు సంగతి చూస్తే ఈ గొడవలోని మెలిక తెలుస్తుంది. 1950 దశకంలో అది ప్రపంచంలోకెల్లా పెద్ద చేపల రేవుల్లో ఒకటి. ఇప్పుడు వేట దాదాపు లేదు. కూటమే తమను ముంచిందని అక్కడివారు చాలామంది నమ్మారు. ఆ ప్రాంతంలో నూటికి 70 మంది పోదామన్నారు. అయితే రేవు దెబ్బతినడానికి మరో పెద్ద కారణం ఐస్‌లాండ్. ఆ దేశం తన తీరం నుంచి 200 మైళ్ల వరకు ఇతరులు వేటాడరాదని హద్దు గీసింది. బ్రిటిష్ పడవలు 1976లో ఆ నీళ్లను వదిలి రావలసి వచ్చింది. ఐస్‌లాండ్ నేటికీ ఐరోపా కూటమిలో సభ్యదేశం కాదు. నేడు గ్రిమ్స్‌బీలో వేల మందికి కూడు పెడుతున్నవి చేపలను శుభ్రం చేసి ప్యాకెట్లు కట్టే ఫ్యాక్టరీలు. వాటికి చేపలు ఎక్కువగా వచ్చేది ఐస్‌లాండ్, నార్వేల నుంచే.

బయటపడ్డాక ఏమైంది? వేటగాడికి వాటా కొంత పెరిగింది. బ్రిటన్ నీళ్లలో కూటమి పడవలు పట్టే చేపల విలువలో నాలుగోవంతును విడతలవారీగా బ్రిటన్‌కు వదలాలని 2020 డిసెంబరు ఒప్పందంలో రాసుకున్నారు. అయితే బ్రిటన్‌లో పట్టిన చేపల్లో ఎక్కువ భాగం అమ్ముడుపోయేది ఐరోపాలోనే. నిన్నటి వరకు లారీ ఎక్కించి పంపిన సరుకుకు ఇప్పుడు పశువైద్యుడి ధ్రువపత్రం, కస్టమ్స్ కాగితాలు కావాలి. 2021 జనవరిలో స్కాట్లాండ్ పీతలు, రొయ్యలు కాగితాల కోసం దారిలోనే ఆగిపోయాయి. చేపల వ్యాపారులు లారీలు తెచ్చి లండన్‌లో పార్లమెంటు దగ్గర నిలిపి నిరసన తెలిపారు. శుద్ధి చేయని ఆల్చిప్పలను కూటమి దేశాలు ప్రాణాలతో దిగుమతి చేసుకోవడం మానేశాయి. నీళ్లు మావయ్యాయి గాని సంత దూరమైందని ఆ వ్యాపారుల గోడు.

చేలలో కూలీలు కరువు

లింకన్‌షైర్‌లోని బోస్టన్ చుట్టుపక్కల కూరగాయల సాగు ఎక్కువ. 2004లో తూర్పు ఐరోపా దేశాలు కూటమిలో చేరిన నాటి నుంచి పోలండ్, లిథువేనియా, లాత్వియాల కూలీలు అక్కడికి వేలల్లో వచ్చారు. ఇళ్ల అద్దెలు పెరిగాయని, డాక్టరు దగ్గర వరస పెరిగిందని, కూలి మాత్రం పెరగలేదని స్థానికులు మండిపడ్డారు. దేశం మొత్తం మీద పోదామన్న ఓటు అత్యధికంగా, నూటికి 75కు పైగా, పడింది బోస్టన్‌లోనే. అదే ఊళ్లో ఆ కూలీలు లేకపోతే పంట చేనులోనే కుళ్లిపోతుందన్న రైతులూ ఉన్నారు.

రైతుల భయమే నిజమైంది. ప్రభుత్వం 2019లో 2,500 మందికి తాత్కాలిక వీసాలతో మొదలుపెట్టి ఐదేళ్లలో ఆ సంఖ్యను 45 వేలు దాటించింది. ఇప్పుడు చేలలో స్ట్రాబెర్రీలు కోసేవారిలో కిర్గిజిస్థాన్, ఉజ్బెకిస్థాన్ వంటి దూరదేశాలవారు చాలామంది ఉన్నారు.

గొర్రెల పెంపకందారుల చిక్కు వేరు. కూటమిలో ఉన్నప్పుడు భూమి విస్తీర్ణాన్ని బట్టి ఏటా సాయం అందేది. బయటపడ్డాక ఇంగ్లండ్‌లో 2021 నుంచి ఆ సాయాన్ని తగ్గిస్తూ వచ్చి, నేలను, చెట్లను, పక్షులను కాపాడేవారికి డబ్బు ఇచ్చే పద్ధతి తెచ్చారు. ప్రజల డబ్బు ప్రజలకు పనికివచ్చే పనికే ఇవ్వాలి కదా అని దీన్ని మెచ్చుకున్నవారున్నారు. వేల్స్ రైతులు మాత్రం అక్కడి కొత్త పథకానికి నిరసనగా 2024 మార్చిలో 5,500 జతల రబ్బరు బూట్లను కార్డిఫ్‌లోని శాసనసభ మెట్లపై పేర్చారు. ఒక్కో జత పోబోయే ఒక్కో ఉపాధికి గుర్తని చెప్పారు. పైగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో బ్రిటన్ విడిగా చేసుకున్న ఒప్పందాలు 2023 మే 31న అమల్లోకి రావడంతో ఆ దేశాల మాంసంతో పోటీ పడవలసి వస్తుందన్న బెంగ పట్టుకుంది.

పాల లారీకి ఏది సరిహద్దు?

ఉత్తర ఐర్లండ్‌ది అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. అది బ్రిటన్‌లో భాగం, దాని కింద ఉన్న ఐర్లండ్ కూటమి దేశం. మధ్యన దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు. ఉత్తరాన పితికిన పాలు లారీల్లో దక్షిణానికి వెళ్లి జున్ను, వెన్న అవుతాయి. దశాబ్దాల నెత్తుటి తగాదా 1998 ఒప్పందంతో సద్దుమణిగిన ఆ చోట మళ్లీ చెక్‌పోస్టులు పెడితే నిప్పు రాజుకుంటుందని అందరికీ భయం. అందుకని తనిఖీని సముద్రం మీదికి మార్చి, బ్రిటన్ ప్రధాన భూభాగం నుంచి వచ్చే సరుకుకు పెట్టారు. స్వదేశం నుంచి వచ్చే సరుకుకే తనిఖీ ఏమిటని బ్రిటన్‌తోనే ఉండాలనేవారు భగ్గుమన్నారు. 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఒప్పందంతో కొంత సడలించారు.

మనవాళ్లకు ఒరిగిందేమిటి?

ఐరోపావారి రాక తగ్గితే మన దేశాలనుంచి వంటవాళ్లు, పనివాళ్లు సులువుగా రావచ్చన్న ఆశ అక్కడి భారత, బంగ్లాదేశ్ సంతతివారిలో కొందరికి కల్పించారు. 2021 జనవరి నుంచి ఐరోపావారికీ, మిగతావారికీ ఒకే వీసా పద్ధతి వచ్చింది. నర్సులు, వృద్ధుల సంరక్షకులు, విద్యార్థులుగా భారతీయులు పెద్దసంఖ్యలో వెళ్లారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అయితే వలసలు తగ్గుతాయని ఓటు వేసినవారికి దక్కింది మరొకటి. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో ఆ దేశానికి నికర వలస 9 లక్షలు దాటింది. దాంతో మళ్లీ గేట్లు బిగించడం మొదలైంది.

కూటమిలో ఉన్న దేశం విడిగా సుంకాల ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు. బయటపడింది గనుకనే బ్రిటన్ 2025 జూలై 24న భారత్‌తో వాణిజ్య ఒప్పందంపై సంతకం చేయగలిగింది. రొయ్యలపై సుంకం ఎత్తివేసే షరతు అందులో ఉంది. దేశంలో రొయ్యల సాగుకు పెట్టింది పేరైన ఆంధ్రప్రదేశ్ తీరానికి ఇది పట్టిన సంగతే.

లెక్క ఇంకా తేలలేదు

వారానికి 35 కోట్ల పౌండ్లు కూటమికి పోతున్నాయని, ఆ సొమ్ము ఆసుపత్రులకు పెడదామని నాడు బస్సు మీద రాసి ఊరూరా తిప్పారు. తిరిగి వచ్చే రాయితీని తీసివేయకుండా చెప్పిన ఆ అంకె తప్పుదారి పట్టించేదని ప్రభుత్వ గణాంకాల సంస్థే తప్పుబట్టింది. మరోపక్క, ఓటు పడిన మరునాడే దేశం కుప్పకూలుతుందని బెదిరించినవారి మాటా నిజం కాలేదు. నష్టం జరిగినది మెల్లమెల్లగానే. కూటమిలో ఉండి ఉంటే వచ్చే ఉత్పాదకతతో పోలిస్తే దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని అక్కడి బడ్జెట్ పరిశీలన సంస్థ అంచనా కట్టింది.

సర్వేల్లో సగానికి పైగా ప్రజలు బయటపడటం పొరపాటేనంటున్నారు. మా చట్టం మేము చేసుకుంటున్నాం, దానికి వెల కట్టలేమని పట్టువిడవని వారూ కోట్లలో ఉన్నారు. మళ్లీ చేరే మాట పెద్ద పార్టీల నాయకులు ఆచితూచి మాట్లాడుతున్నారు. ఈలోగా 2025 మేలో రెండు పక్షాలూ మళ్లీ కూర్చున్నాయి. ఆహారపదార్థాల తనిఖీలు తగ్గించుకుందామని బ్రిటన్ అడిగింది. చేపల మాటేమిటని కూటమి అడిగింది. చివరకు ఐరోపా పడవలు బ్రిటన్ నీళ్లలో మరో పన్నెండేళ్లు వేటాడవచ్చని ఒప్పుకున్నారు. సరుకు పంపే వ్యాపారి ఊపిరి పీల్చుకోగా, థేమ్స్‌లో ఊరేగిన పడవలవారు మమ్మల్ని అమ్మేశారన్నారు. ఆ గడువు 2038 జూన్‌తో ముగుస్తుంది. అప్పటికి ఓటు వేసి 22 ఏళ్లు. నాడు తండ్రుల వెంట పడవలెక్కి నదిలో జెండాలు ఊపిన పిల్లలు ఆనాటికి తమ వలలకు ఎంత వాటా వస్తుందో మళ్లీ బేరమాడుకోవలసి ఉంటుంది.