దూరమెంత? ప్రయాణకాలమెంత?

అనకాపల్లి నుండి విశాఖపట్టణమెంత దూరమని అడిగినచో పెక్కుమంది మైళ్ళు చెప్పరు, గంట ప్రయాణమందురు. నేలమీద ఈ లెక్క చాలును. కాని సంతానము అమెరికాలో స్థిరపడిన గృహములలో మరియొక ప్రశ్న పుట్టుచున్నది. ఢిల్లీలో విమానమెక్కిన తల్లిదండ్రులు శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎప్పుడు చేరుదురు? దీనికి దూరమును నమ్మినను, గడియారమును నమ్మినను పొరపాటు పడుదుము. ఆ కారణములను వివరింతుము.

మొదట దూరము. భూగోళపు బొమ్మపై ఈ రెండు నగరముల నడుమ దారమును బిగించి చూచినచో, అది సైబీరియాను, ఆర్కిటిక్ సముద్రమును, అలాస్కాను దాటి పోవును. అదియే మిక్కిలి దగ్గర దారి. సుమారు 12,400 కిలోమీటర్లు. అయినను విమానములు ఎల్లప్పుడు ఆ దారినే పోవు. ఎయిర్ ఇండియా విమానము తొలుత పడమటగా, అట్లాంటిక్ మీదుగా, దాదాపు 13,900 కిలోమీటర్లు పోయెడిది. 2016 అక్టోబరులో తూర్పుగా, పసిఫిక్ మీదుగా మళ్ళించిరి. దూరము 15,300 కిలోమీటర్లకు పెరిగినది. కాని ప్రయాణము పదునాలుగున్నర గంటలలో ముగిసినది. పాత దారికంటె రమారమి రెండు గంటలు తక్కువ!

ఇది గాలి మహిమ. విమానములెగురు పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు వేగమైన గాలులు వీచుచుండును. చలికాలమున వాని వేగము ఒక్కొక్కప్పుడు గంటకు 300 కిలోమీటర్లను మించును. గోదావరిలో వాలున పోవు పడవకును, ఎదురీదు పడవకును గల భేదమే ఇచ్చటను కలదు.

ఇక గడియారము. భూమి డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. భారతదేశమంతటికి ప్రామాణికమైన కాలరేఖ 82½ డిగ్రీల తూర్పురేఖాంశము. అది కాకినాడ చేరువగా పోవుచున్నది. అనకాపల్లి దానికి అర డిగ్రీ తూర్పున నున్నది. కావున రేడియో చెప్పు వేళకును, ఆ ఊరి స్థానికకాలమునకును భేదము రెండు నిమిషములే. శాన్‌ఫ్రాన్సిస్కో వారి కాలరేఖ 120 డిగ్రీల పడమటిది. రెంటి నడుమ 202½ డిగ్రీలు. అనగా పదమూడున్నర గంటలు. వారు మన వెనుక నుందురు. వేసవిలో అచ్చట గడియారములను గంట ముందుకు జరుపుదురు గనుక భేదము పన్నెండున్నర గంటలగును.

జనవరిలో ఒకనాటి తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో విమానము బయలుదేరినదనుకొందము. పదునాలుగున్నర గంటలు గడచునప్పటికి మనకు సాయంకాలము 6-30 అగును. శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పుడు అదే తేదీ ఉదయము 5 గంటలు! టిక్కెట్టుపై 4, 5 అను అంకెలను చూచి, ఇంటివారు మన గడియారపు 5 గంటలనుండి కబురుకొరకు ఎదురుచూచినచో పదమూడున్నర గంటలు నిష్కారణముగ కలవరపడుదురు.

కావున బయలుదేరిన వేళకు ప్రయాణపు గంటలను మాత్రమే కలిపి, మన కాలములో లెక్కించుట మేలు. ఎదురుగాలికై మరియొక గంట విడిచిపెట్టుడు. ఆ వేళ దాటువరకు ఇంట దీపము పెట్టుకొని నిశ్చింతగా నుండవచ్చును.