చలికాలం ఆదివారం... పొయ్యి కాసేపు పిల్లలకు

డిసెంబరు వచ్చిందంటే బెంగళూరులో హైస్కూలు పిల్లల దినచర్యే మారిపోతుంది. పొద్దున ఎంత పిలిచినా దుప్పటి వదలరు. ట్యూషన్‌కు స్వెటర్‌ వేసుకుని వెళ్తారు, మధ్యాహ్నం ఎండ రాగానే అది బ్యాగులోకి పోతుంది, సాయంత్రం ఆరు దాటగానే మళ్ళీ ఒంటి మీదకు వస్తుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు మనది. 1884 జనవరిలో ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది. అంత చలి ఇప్పుడు లేదు కానీ, ఇడ్లీ పిండి పొద్దుటికి పొంగక అమ్మలు గిన్నెకు తువ్వాలు చుట్టేంత చలి మాత్రం ఉంది.

ఈ చలిలోనే పిల్లలకు ఆకలి ఎక్కువ. ట్యూషన్‌ అయ్యాక ఏ వీధి మొదట్లో చూసినా బేకరీ ముందు యూనిఫాం పిల్లల గుంపు ఉంటుంది. ఖారా బన్ను, దిల్‌పసంద్‌, హనీ కేకు, బెన్నె బిస్కెట్టు, కాంగ్రెస్‌ కడలెకాయ. ఈ ఊరి బేకరీ రుచికి పెద్ద చరిత్రే ఉంది. హాసన్‌ ప్రాంతం నుంచి వచ్చిన తిరుమలాచార్‌ 1898లో చిక్కపేటలో బెంగళూరు బ్రదర్స్‌ బేకరీ పెట్టారు. ఆ దారిలో ఊరంతా అయ్యంగార్‌ బేకరీలు వెలిశాయి. గుడ్డు లేని కేకులు చేయడంతో శాకాహార కుటుంబాల్లోకి కూడా కేకు వెళ్ళింది. ఫ్రేజర్‌ టౌన్‌లో 1902 నాటి ఆల్బర్ట్‌ బేకరీ ఇంకా నడుస్తూనే ఉంది. ఇంత బేకరీల ఊళ్ళో ఇంట్లో కేకు ఎందుకు అని అడగవచ్చు. బజారు కేకు చెడ్డదని కాదు. మన పిల్లల తెలుగుకు వంటగదితో పని ఉంది, అందుకు.

అవ్వ మాట తెలుగు, రాత కన్నడం

బెంగళూరు తెలుగు ఇళ్ళలో ఎక్కువమందికి పరిచయమైన సంగతి ఒకటుంది. కోలారు, చింతామణి, బాగేపల్లి, గౌరిబిదనూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో అవ్వ నోరు తెరిస్తే తెలుగే. కానీ ఆమె చదువుకున్నది కన్నడ బడిలో. సరుకుల చీటీ కన్నడ లిపిలో రాస్తుంది. కొడుకూ అంతే. మనవడికో మనవరాలికో మన బళ్ళలో తెలుగు అక్షరాలు వచ్చాయి, కానీ అవి పాఠ్యపుస్తకం దాటి బయటికి రావు. ఇంట్లో తెలుగు మాట్లాడేవారికి రాయడం రాదు, రాయడం వచ్చినవారికి రాయవలసిన పని లేదు. హిందూపురం, మదనపల్లె, నెల్లూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన ఇళ్ళలో కథ వేరైనా పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఫలితం అదే. అమ్మకు తెలుగు చదవడం వచ్చు, పిల్ల మాత్రం అమ్మకు ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్‌ పెడుతుంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలను తెలుగులో నాలుగు పేరాలు సొంతంగా రాయమంటే గైడులోని వ్యాసమే వస్తుంది. వాళ్ళను తప్పు పట్టలేం. పర్యావరణం మీద వాళ్ళు తెలుగులో చెప్పదలచుకున్నది ఏమీ లేదు. అదే, తాము చేసిన కేకు మధ్యలో ఎందుకు కుంగిపోయిందో చెప్పమనండి. చెప్పడానికి బోలెడంత ఉంటుంది.

నా సూచన చిన్నది. ఈ చలికాలం నాలుగైదు ఆదివారాలు, ఒక్కో గంటన్నర, పొయ్యి పిల్లలకు వదలండి. ఆడపిల్లకే అని కాదు. మగపిల్లవాడికి వంట నేర్పడానికి హాస్టల్‌కు వెళ్ళే రోజు దాకా ఆగే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి, అది బాగులేదు. చేసినదాన్ని ఆ రోజే తెలుగులో ఒక పేజీ రాయించండి. పదో తరగతి కదా, ప్రిపరేటరీ పరీక్షలు వస్తున్నాయి కదా అంటారేమో. వస్తున్నాయి. ఆదివారం ఫోను తినేసే గంటన్నరలోంచే ఇది తీసుకోవచ్చు.

ఓవెన్‌ అక్కరలేదు

బేకింగ్‌ అనగానే ఓవెన్‌ కొనాలేమో అనుకుంటాం. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె కాల్చినవాళ్ళు ఏ ఓవెన్‌ కొన్నారు? మందపాటి పాత్రలో మినపపిండి పోసి, కింద సన్నసెగ పెట్టి, మూత మీద నిప్పులు వేసేవారు. కింది నుంచీ పై నుంచీ వేడి సమంగా తగిలి లోపల మెత్తగా, అంచులు కరకరలాడుతూ కాలేది. బేకింగ్‌ అంటే అదే. దానికి మన దగ్గర మాట కూడా ఉంది: కాల్చడం. రొట్టె కాలుస్తాం, కుమ్మరి ఆములో కుండలు కాలుస్తారు, బట్టీలో ఇటుకలు కాలుస్తారు. కేకు కాల్చామని రాస్తే మాత్రం మాడ్చేశామనుకుంటారని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, మాట గుర్తుంటుంది.

మొదటి ఆదివారానికి రవ్వ కేకు మంచిది, గుడ్డు అక్కరలేదు, తప్పడం తక్కువ. ఒకటిన్నర కప్పు చిరోటి రవ్వ, ముప్పావు కప్పు పంచదార, ఒక కప్పు పెరుగు, కప్పులో మూడోవంతు నూనె తీసుకుని బాగా కలిపి అరగంట పక్కన పెట్టాలి. రవ్వ నాని పెరుగును పీల్చుకుంటుంది. చలికాలంలో పెరుగు పులవదు కాబట్టి ముందురోజు రాత్రి ఫ్రిజ్‌ బయట ఉంచిన పెరుగు వాడండి. ఆ పులుపుతో ఇక్కడ పని ఉంది. అరగంటయ్యాక పిండి గట్టిపడుతుంది. అర కప్పు పాలు కొద్దికొద్దిగా పోసి జారుగా చేసుకుని, ఏలకుల పొడి వేసి, చివర్లో ఒక చెంచా బేకింగ్‌ పౌడరు, పావు చెంచా వంటసోడా వేసి పైపైన కలపాలి. సోడా వేశాక ఆలస్యం చేయకూడదు.

ఈలోగా అడుగు మందంగా ఉన్న పాత గిన్నె ఒకటి తీసుకుని, అడుగున కల్లుప్పు పరిచి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు మధ్యస్థం మంట మీద వేడి చేయాలి. ప్రెజర్‌ కుక్కరే వాడేటట్లయితే రబ్బరు గాస్కెట్టు, విజిల్‌ రెండూ తప్పకుండా తీసేయాలి. ఇది పక్కన నిలబడి పెద్దవాళ్ళే చూసుకోవలసిన విషయం. మంట తగ్గించాక, నూనె రాసి పిండి చల్లిన టిన్నులో మిశ్రమం పోసి, పట్టకారుతో లోపల పెట్టి మూత వేయాలి. సన్నసెగ మీద నలభై, నలభై ఐదు నిమిషాలు. మొదటి అరగంట మూత తీయకూడదు. పదిహేనేళ్ళ పిల్లలకు అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే! తర్వాత సన్నని పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాకే కోయాలి.

కేకు ఎందుకు పొంగిందో పదో తరగతి సైన్సు పుస్తకంలోనే ఉంది. ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠంలో బేకింగ్‌ సోడా వస్తుంది. వేడికీ ఆమ్లానికీ అది కార్బన్‌ డయాక్సైడ్‌ విడుదల చేస్తుంది, ఆ బుడగలే పిండిని పైకి లేపుతాయి. ఆమ్లం లేకుండా ఉత్త సోడా వేసి వేడి చేస్తే సోడియం కార్బనేట్‌ మిగిలి చేదెక్కుతుంది. అందుకే బేకింగ్‌ పౌడరులో టార్టారిక్‌ ఆమ్లం లాంటిది కలుపుతారు, అందుకే మన పిండిలో పెరుగు పుల్లగా ఉండాలి. పరీక్షలో అడిగే ప్రశ్నే ఇది. చేదు కేకు ఒక్కసారి తిన్న పిల్లవాడికి ఆ జవాబు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఈస్టుతో బన్ను చేస్తామని పిల్లలు పట్టుబడతారు. మార్చి దాకా ఆగమనండి. ఇడ్లీ పిండికి వచ్చిన కష్టమే దానికీ వస్తుంది.

'మిక్స్‌ చేసి' కాకుండా

ఇప్పుడు రాత సంగతి. పిల్లలు మొదటిసారి రాసే పేజీలో 'రవ్వ, పెరుగు మిక్స్‌ చేసి, హీట్‌ చేసి, పౌడర్‌ యాడ్‌ చేసి' అని ఉంటుంది. ఇంగ్లీషు క్రియకు 'చేసి' తగిలిస్తే చాలు, తెలుగు అయిపోయిందనుకుంటారు. పెద్దవాళ్ళం మనమూ అలాగే మాట్లాడుతున్నాం కదా.

వంటగదిలో మన క్రియలు ఎన్నో లెక్కపెట్టి చూడండి. రవ్వను కలుపుతాం, పిండిని పిసుకుతాం, మజ్జిగ చిలుకుతాం, గుడ్డు గిలక్కొడతాం, పాయసం కలియబెడతాం, పప్పు మెదుపుతాం, బెల్లం చితక్కొడతాం, పిండి జల్లిస్తాం, బియ్యం చెరుగుతాం. వేడి విషయంలోనూ అంతే: నీళ్ళు గోరువెచ్చనివి, కాగినవి, మరిగినవి అంటే మూడూ వేర్వేరు నీళ్ళు. ఈ మాటలు పాఠ్యపుస్తకంలో అరుదు, సినిమాల్లో అంతకన్నా అరుదు. బెంగళూరు పిల్లలకు ఇవి వినబడే చోటు అవ్వ పక్కన పొయ్యి దగ్గరే. ఆ చోటికి పిల్లలు వెళ్ళకపోతే ఈ తరంతో ఆగిపోతాయి. అవ్వ ఊళ్ళో ఉంటే ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోమనండి.

అక్కడే ఉపాధ్యాయులకు ఒక మనవి. పేజీలో 'బుడ్డలు' అని రాసి ఉంటే కొట్టేసి 'వేరుశనగ' అని దిద్దకండి. అనంతపురం అవ్వకు అవి బుడ్డలు, చిత్తూరు అవ్వకు చెనిక్కాయలు, తెలంగాణ అత్తకు పల్లీలు. కార్తికమాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయ పరిషెకు పిల్లలు ఎలాగూ వెళ్ళి వచ్చుంటారు. క్లాసులో ఒక్కొక్కరి ఇంట్లో ఏమంటారో అడిగి బోర్డు మీద రాయించండి, సరదాగా ఒక పీరియడ్‌ గడిచిపోతుంది.

జనవరిలో ఇంకో అవకాశం ఉంది. వి.వి.పురం వైపు అవరెకాయ మేళా ఘుమఘుమలు మొదలవుతాయి. మన అనపకాయలే అవి. నానబెట్టి తొక్క పితికి తీసిన గింజలు మనకు పితికిపప్పు, కన్నడంలో హితకిద బేళె. తెలుగులో మాట మొదట్లో ఉన్న 'ప' కన్నడంలో 'హ' అవుతుంది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పితుకు హితుకు. రెండు భాషలూ నోట్లో ఉన్న మన పిల్లలు దీన్ని ఇట్టే పట్టుకుంటారు. కన్నడం బాగా వస్తే తెలుగు పోతుందని భయపడే తల్లిదండ్రులు పిల్లలు ఇలా పోల్చుకుంటుండగా ఒకసారి పక్కన కూర్చోవాలి.

సంక్రాంతికి ముందు ఆదివారం కేకు కాకుండా బిస్కెట్లు చేయించవచ్చు. ఒక కప్పు గోధుమపిండి, వేయించి పొట్టు తీసి బరకగా దంచిన వేరుశనగపొడి అర కప్పు, బెల్లం పొడి అర కప్పు, పేరుకున్న నెయ్యి అర కప్పు, చిటికెడు ఉప్పు. చలికి నెయ్యి ఎలాగూ పేరుకునే ఉంటుంది, ఈ పనికి అదే కావాలి. ముందు నెయ్యి, బెల్లం నురగలా వచ్చేదాకా గిలక్కొట్టి, మిగతావి వేసి, ముద్ద కట్టకపోతే రెండు చెంచాల పాలు చిలకరించి, ఉండలు చేసి కొంచెం వత్తి, పైన నువ్వులు అద్దాలి. అదే గిన్నెలో, అదే సన్నసెగ మీద పాతిక నిమిషాలు చాలు. తీసిన వెంటనే మెత్తగా ఉన్నాయని మళ్ళీ పెట్టకండి, చల్లారితే గట్టిపడతాయి. ఎళ్ళు–బెల్లం ఇచ్చిపుచ్చుకోవడానికి పక్కింటికి వెళ్ళేటప్పుడు పొట్లంలో నాలుగు వేయవచ్చు.

రాసిన పేజీలకు వేరే నోటుపుస్తకం పెట్టించండి, మార్కులు వద్దు. తేదీ, ఎవరు చెప్పారు, ఏం తప్పింది అన్న మూడూ ఉండాలి. అక్షరదోషాలు పెన్సిల్‌తో దిద్దితే సరిపోతుంది. తెలుగు చదవడం రాని నాన్న ఉన్న ఇంట్లో పిల్లే ఆ పేజీ పైకి చదివి వినిపించాలి, నాన్న ఆ ప్రకారం గిన్నె పొయ్యి మీద పెట్టాలి. రాసింది సరిగ్గా ఉందో లేదో అప్పుడే తేలిపోతుంది: 'కొంచెం పాలు' అని ఉన్నచోట ఎంత అని నాన్న అడుగుతాడు, పిల్ల పెన్సిల్‌ తీసుకుని 'అర కప్పు' అని రాసుకుంటుంది.