కెయిర్న్స్ నల్ల మార్లిన్ వేట

కెయిర్న్స్ నల్ల మార్లిన్ వేట అనేది ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని కెయిర్న్స్ రేవు కేంద్రంగా ఏటా సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు జరిగే క్రీడా మత్స్యవేట. ఈ కాలంలో వివిధ దేశాల నుండి వచ్చే ఔత్సాహికులు పడవను, కెప్టెనును, సిబ్బందిని రోజుల లెక్కన అద్దెకు తీసుకొని గ్రేట్ బారియర్ రీఫ్ వెలుపలి అంచున వేటాడతారు. ఇటువంటి పడవలను ఛార్టర్ పడవలు అంటారు. హవాయి, మెక్సికో, మారిషస్ వంటి ఉష్ణమండల ప్రాంతాలలో కూడా ఛార్టర్ వేట ఉన్నది. అయితే అర టన్ను బరువుకు చేరే చేపలు ఏటేటా ఒకే ఋతువులో, ఒకే చోటికి వచ్చే ప్రదేశంగా కెయిర్న్స్‌కు ప్రత్యేకమైన పేరు ఉన్నది.

చేప

నల్ల మార్లిన్ శాస్త్రీయ నామం ఇస్టియోంపాక్స్ ఇండికా. ఇది హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని నీటిలో జీవిస్తుంది, బంగాళాఖాతంలోనూ ఉన్నది. ఉత్తరాంధ్ర మత్స్యకారులు వంజరం చేపను కోనాం అంటారు. పై దవడ ఈటెలాగా పొడుచుకొని వచ్చిన మార్లిన్ వారికి కొమ్ముకోనాం. తక్కిన మార్లిన్ జాతుల వలె కాక, పెద్ద నల్ల మార్లిన్ రొమ్ము దగ్గరి రెండు వాజాలను (ఈత రెక్కలను) శరీరానికి ఆనించి ముడవలేదు. దీనిని గుర్తుపట్టడానికి ఇదే తేలిక మార్గం.

మగ చేపలు 200 కిలోలకు మించడం అరుదు. ఆడవి 500 కిలోలు దాటగలవు. కనుక వేటగాళ్ళు గొప్పగా చెప్పుకొనే పెద్ద చేపలన్నీ ఆడవే. ఈ వేటకు సంబంధించిన వివాదాలకు మూలం కూడా ఇదే.

ఋతువు

దక్షిణార్ధగోళంలో సెప్టెంబరు అంటే వసంతారంభం. నీరు క్రమంగా వెచ్చబడే ఈ నెలల్లో నల్ల మార్లిన్‌లు గుడ్లు పెట్టడానికి రీఫ్ అంచుకు చేరతాయి. ఒక్కొక్క పెద్ద ఆడ చేప వెంట చిన్న మగవి పలు ఉంటాయి. రీఫ్ జలాలలో మార్లిన్ డింభకాలు దొరకడం వల్ల ఇది ప్రజననానికి వచ్చిన సమూహమే అన్న అభిప్రాయానికి శాస్త్రీయమైన బలం చేకూరింది. డింభకాలు ప్రవాహాలతో దక్షిణానికి సాగుతాయని భావిస్తున్నారు. టౌన్స్‌విల్ సమీపంలోని కేప్ బౌలింగ్ గ్రీన్ వద్ద చలికాలంలో 15 నుండి 30 కిలోల పిల్ల మార్లిన్‌లు కనిపిస్తాయి. సన్నని తాడుతో వాటిని పట్టడం మరొక ఋతువు, మరొక రకం వేట.

ఇక్కడొక విశేషం గమనించదగినది. భారతదేశపు తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. కెయిర్న్స్‌లో గుడ్లు పెట్టే కాలమే వేట కాలం. కనుక చేపను పట్టిన తరువాత ఏమి చేస్తారన్నదే అక్కడ అసలు ప్రశ్న.

చరిత్ర

ఈ జలాలలో భారీ మార్లిన్‌లు ఉన్నాయని నమ్మి కెయిర్న్స్‌లో స్థిరపడిన అమెరికా దేశస్థుడు జార్జి బ్రాన్స్‌ఫర్డ్. 1966 సెప్టెంబరులో అతడు నడిపిన 'సీ బేబీ' అనే చిన్న పడవపై రిచర్డ్ ఒబాక్ 1,064 పౌండ్ల (సుమారు 483 కిలోలు) నల్ల మార్లిన్‌ను పట్టాడు. వెయ్యి పౌండ్లు అనేది ఈ క్రీడలో ఒక మైలురాయి. ఈ వార్తతో కెయిర్న్స్ పేరు ప్రపంచమంతటా వ్యాపించింది. హాలీవుడ్ నటుడు లీ మార్విన్ ఇక్కడికి పలుమార్లు వేటకు వచ్చాడు.

ప్రపంచ రికార్డు మాత్రం పెరూ దేశానిది. 1953 ఆగస్టు 4న కాబో బ్లాంకో వద్ద ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ జూనియర్ పట్టిన చేప 1,560 పౌండ్లు (సుమారు 708 కిలోలు) తూగింది.

వేట తీరు

రిబ్బన్ రీఫ్‌లు అనే సన్నని, పొడవైన దిబ్బల వరుస లిజార్డ్ ద్వీపం వైపు సాగుతుంది. వీటి వెలుపల సముద్రం ఒక్కసారిగా వందల మీటర్ల లోతుకు దిగుతుంది. ఛార్టర్ పడవలు రాత్రి రీఫ్ లోపలి ప్రశాంత జలాలలో లంగరు వేస్తాయి. ఉదయం ఎర కోసం చిన్న చేపలను పడతారు. సాధారణంగా మధ్యాహ్నం నుండి సాయంకాలం వరకు, దిబ్బల మధ్య సందుల గుండా బయటికి వెళ్ళి మార్లిన్ కోసం తిరుగుతారు. కొన్ని కిలోల బరువుండే చేపనే ఎరగా కట్టి నెమ్మదిగా లాగుతారు.

చేప గాలానికి తగిలిన తరువాత వేటగాడు పడవ వెనుక భాగాన ఉన్న తిరుగుడు కుర్చీలో కూర్చొని రీలు చుడతాడు. కెప్టెన్ పడవను వెనుకకు నడుపుతూ సహకరిస్తాడు. నిజానికి సగం పోరాటం కెప్టెన్‌దే. చివరన గాలానికి ముందుండే బలమైన తీగను సహాయకుడు చేత పట్టి చేపను పడవ పక్కకు లాగుతాడు. చేతికి తీగ చుట్టుకుంటే ప్రాణాపాయం. ఇటువంటి ప్రమాదం బతుకుతెరువు కోసం గాలం వేసేవారికీ తెలుసు: 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుండి వేటకు వెళ్ళిన ఒక మత్స్యకారుణ్ణి కొమ్ముకోనాం సముద్రంలోకి లాక్కుపోయింది.

విడుదల, చట్టాలు

తొలి రోజులలో పెద్ద చేపలను రేవుకు తెచ్చి, తలక్రిందులుగా వేలాడదీసి తూచేవారు. కాలక్రమంలో ఈ పద్ధతి తగ్గి, చేపకు గుర్తుచీటీ గుచ్చి వదలడం ఆచారమైంది. 1973లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ప్రారంభించిన చీటీల కార్యక్రమం ఇందుకు తోడ్పడింది. మార్లిన్‌ల దూర ప్రయాణాల గురించిన సమాచారంలో చాలా భాగం ఇలా వచ్చినదే.

వదిలిన చేప బరువును కెప్టెన్ కంటితో అంచనా వేయవలసిందే. బరువు రికార్డు కావాలంటే మాత్రం ఒడ్డున తూచి తీరాలి, అంటే చేపను చంపాలి. ఒక పేరు కోసం కోట్ల గుడ్లు పెట్టగల తల్లి చేపను చంపడం ఎంతవరకు సబబు అనే ప్రశ్నను తేలికగా తోసివేయలేము. విడుదల కూడా పూర్తిగా హాని లేనిది కాదు. పోరాటం ఎక్కువసేపు సాగినా, గాలం మొప్పల్లోనో కడుపులోనో దిగినా చేప బ్రతికే అవకాశం తగ్గుతుంది. అలసిన చేపను సొరచేపలు తినివేయడమూ ఉన్నది. వంపు తిరిగిన మొన గల వృత్తాకార గాలాలు ఎక్కువగా దవడ మూలనే తగులుతాయి కనుక వాటి వాడకం మంచిది.

2004లో అమలులోకి వచ్చిన మండలీకరణ ప్రకారం రీఫ్ మెరైన్ పార్కులో సుమారు మూడవ వంతు ప్రాంతంలో ఎటువంటి చేపల వేటా చేయరాదు. వాణిజ్య పడవలపై ఆంక్ష ఇంకా కఠినమైనది. 1998 నుండి ఆస్ట్రేలియా జలాలలో అవి నల్ల, నీలి మార్లిన్‌లను ఉంచుకోరాదు. ట్యూనా కోసం వేసిన గాలానికి మార్లిన్ తగిలి చనిపోయినా సరే, దానిని తిరిగి సముద్రంలో వేయవలసిందే.