సామాజిక మాధ్యమాలు – పిల్లల రక్షణ

కృష్ణా డెల్టాలో పుట్టినవారికి కాలువ కొత్త కాదు. మన విజయవాడ నగరం నడుమనే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పారుతున్నాయి. పిల్లలు జారిపడతారని ఎవరూ వాటిని పూడ్చలేదు. నడుముకు బెండ్లు కట్టి, పెద్దలు గట్టున నిలబడి, ఈత నేర్పారు. నేడు ప్రతి ఇంటిలోనూ సామాజిక మాధ్యమమనే మరొక కాలువ ప్రవేశించింది. చిక్కేమిటంటే, ఇందులో పిల్లలు దిగి ఆడుతున్నారు. గట్టున నిలబడవలసిన తల్లిదండ్రులకే లోతు తెలియదు. ఆ లోతును వారికి తెలియజెప్పవలసిన బాధ్యత, ఇంటిలో చదువుకుంటున్న అన్నలుగా, అక్కలుగా మనపైనే ఉన్నది.

ప్రమాదం ఒక్కొక్కసారి అమాయకమైన ముచ్చట వెంటనే వస్తుంది. 2024 జూలైలో, ఒక తండ్రీ చిన్నారి కుమార్తె ఉన్న వీడియోను చూపుతూ ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు అసభ్య వ్యాఖ్యలు చేశారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దీనిని బహిరంగంగా ఖండించి, పిల్లల చిత్రాలను పెట్టేటప్పుడు విచక్షణ పాటించవలసిందిగా తల్లిదండ్రులను కోరారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు నమోదు చేసింది. ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు. బంధువుల కోసం పెట్టిన చిత్రం బంధువుల వద్దనే ఆగదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

రెండవ ప్రమాదం ఇంతకన్న లోతైనది. అపరిచితుడు స్నేహం నటించి, ఒక ఫోటో సంపాదించి, “మీ ఇంటివారికి పంపుతాను” అని బెదిరిస్తాడు. అతని ఆయుధం ఫోటో కాదు. ఇంటివారంటే పిల్లకున్న భయం. చెబితే ఫోన్ లాక్కుంటారని మగపిల్లవాడు, చదువే మాన్పిస్తారని ఆడపిల్ల నోరు మూసుకుంటారు. ఆ మౌనమే నేరస్థుని బలం. కనుక “ఏమి జరిగినా మాతో చెప్పు, నీ చదువు ఆగదు” అని తల్లిదండ్రులు ముందుగానే ఇచ్చే మాట, ఏ తాళం కన్నా గట్టి రక్షణ.

తాళాలు కూడా అవసరమే. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు కనీస వయస్సు 13 సంవత్సరాలు. 2025లో మన దేశంలో ప్రవేశపెట్టిన టీన్ ఖాతాలలో, పిల్లల ఖాతా అపరిచితులకు కనబడకుండా మొదటినుండే అమర్చి ఉంటుంది; 16 ఏండ్లలోపువారు ఆ కట్టుబాట్లను సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అయితే పుట్టిన సంవత్సరం అబద్ధంగా వ్రాస్తే ఈ రక్షణ తప్పిపోవచ్చు. కనుక మొదట చూడవలసినది ఆ సంవత్సరమే. అమ్మ ఫోన్‌లోని భాషను ఆమె చదవగలిగిన ఉర్దూకో, తెలుగుకో మార్చి ఇవ్వడం మనకు రెండు నిమిషాల పని.

బెదిరింపు వచ్చినప్పుడు డబ్బు పంపరాదు. సందేశాలను చెరిపివేయక, స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచాలి. సైబర్ నేరాలకు 1930, ఆపదలోని బాలలకు 1098 నంబర్లు ఉన్నవి. పోలీస్ స్టేషన్ అంటే పరువు పోతుందని జంకే పెద్దలకు ఒక్క మాట. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలాన్ని వారి ఇంటివద్దనే తీసుకొనవచ్చును. ఆ అధికారి యూనిఫారంలో ఉండరాదు. పిల్లల పేరును పత్రికలు వెల్లడించరాదు.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపువారికి సామాజిక మాధ్యమాల ఖాతాలను నిషేధించారు. మన దేశం 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏండ్లలోపువారి సమాచారాన్ని వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది. చట్టం గట్టు వంటిది. గట్టు ఎంత ఎత్తైనా, పిలిస్తే పలికే మనిషి దానిపై ఉండాలి కదా!

కళాశాల కమిటీ పెద్దలు ఏడాదికి ఒక సాయంకాలం తల్లులను, తండ్రులను ఆహ్వానించి, విద్యార్థినీ విద్యార్థులచేత ఈ విషయాలను ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పించగలిగితే ఎంతో మేలు. అంతవరకు మనం వేచి ఉండనవసరం లేదు. ఈ రాత్రి భోజనాల వేళ, మన ఇంటిలోని చిన్నవారి ప్రక్కన కూర్చుని ఆ మాట ఆరంభిద్దాం.